రెండవ భాగంపై విమర్శకుల తీర్పు : ఒక పునఃపరిశీలన

ప్రజాదరణ పొందిన ఏ కృతికైనా ఉత్తర భాగం వ్రాయటం కత్తిమీద సాము వంటిది. మొదటి భాగాన్ని పోలి ఉంటే అనుకరణ అంటారు. పోలకుంటే అపచారం అంటారు. వీడియో గేములకు సైతం ఈ చిక్కు తప్పలేదు. 2004లో వెలువడిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా : వారియర్ విదిన్’ ఇందుకు నిదర్శనం.

ఈ పారశీక రాకుమారుని ఆటను 1989లో తొలుత సృష్టించినవాడు జోర్డన్ మెక్నర్ అనే అమెరికన్. తన తమ్ముడు పరుగెత్తుతూ, దూకుతూ ఉండగా వీడియో తీసి, ఆ కదలికలనే బొమ్మలుగా మలచాడు. 2003లో కెనడాలోని యూబిసాఫ్ట్ మాంట్రియల్ సంస్థ ‘ది శాండ్స్ ఆఫ్ టైమ్’ పేరిట దానికి కొత్త రూపం ఇచ్చింది. భారతదేశపు మహారాజు కోటనుండి కొల్లగొట్టిన ఇసుక గడియారాన్ని రాకుమారుడు ఒక మంత్రి మాయమాటలు నమ్మి తెరుస్తాడు. లోపలి ఇసుక మనుషులను రాక్షసులుగా మార్చివేస్తుంది. మహారాజు కుమార్తె ఫరా తోడ్పాటుతో, కాలాన్ని వెనుకకు మరల్చే బాకుతో, అతడు తన తప్పు దిద్దుకొంటాడు. అరేబియన్ నైట్స్ సొగసు గల ఈ ఆటను విమర్శకులు ఎంతగానో మెచ్చుకొన్నారు.

రెండవ భాగం వచ్చినపుడు పోరాట విధానాన్ని ప్రశంసిస్తూనే, రాకుమారుని సౌమ్యత, హాస్యం మాయమై కోపమూ రక్తపాతమూ మిగిలాయని పలువురు ఆక్షేపించారు. మెక్నర్ కూడా ఆ ధోరణి తనకు రుచించలేదన్నాడు.

ఈ తీర్పుతో నేను ఏకీభవించలేను. ఆ ఇసుకను విడిచినవాడు మరణించాలన్నది విధి. దానిని తప్పించుకొన్న రాకుమారుణ్ణి కాలరక్షకుడైన దహాకా ఏడేండ్లుగా తరుముతున్నది. జాషువా కావ్యం ద్వారా మనకు సుపరిచితుడైన ఫిరదౌసి షానామాలోని జహ్హాకునికి మూలమైన ‘అజి దహాక’ను ఈ పేరు గుర్తుకు తెస్తుంది. ఆటలో చాలవరకు దానిని ఎదిరించే వీలు లేదు, పరుగే శరణ్యం. నిద్రాహారాలు కరవైనవాని ముఖాన చిరునవ్వు వెదకటం న్యాయమా?

అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఇసుక పుట్టకుండా ఆపాలని రాకుమారుడు గతంలోకి వెళ్ళి కాలసామ్రాజ్ఞిని వధిస్తాడు. ఆమె దేహమే ఆ ఇసుకగా మారుతుంది! తప్పించదలచిన కీడుకు అతని కత్తియే కారణమైనది. కనుక ఆ క్రోధం కథకు తగిలించిన అలంకారం కాదు, కథకు కీలకం. విమర్శకులు ఏ కోపాన్ని ఖండించారో, ఆట కూడా దానినే ఖండిస్తున్నది.

లోపాలు లేవనను. కర్కశమైన రాక్ సంగీతం ఆ పురాతన కోటకు అతకలేదు. స్త్రీ పాత్రల వేషధారణ హుందాగా లేదు. వెళ్ళిన దారినే మరల మరల వెళ్ళటం విసుగు పుట్టిస్తుంది. అయితే ఒకే కోటను గతంలో వైభవంతోను, వర్తమానంలో శిథిలంగాను చూపటం ఆ విసుగును కొంత మరపిస్తుంది. 2005లో వచ్చిన మూడవ భాగం ‘ది టూ థ్రోన్స్’లో రాకుమారుడు తనలోని చీకటి మనిషితో పెనుగులాడతాడు. రెండవ భాగం లేనిదే ఆ పెనుగులాటకు అర్థం లేదు.

పట్టాభిషేకంలోని ఆనందం ఉత్తరకాండలో లేదని మనం ఎవరమూ ఫిర్యాదు చేయము. ఆ కథకు ఆ శోకమే తగినదని గ్రహిస్తాము. విద్యార్థి మిత్రులారా! సమీక్షలను తప్పక చదవండి. కాని ఒక కృతి మునుపటి దానివలె ఉన్నదా అని అడిగేముందు, అది ఏమి చెప్పదలచినదో, దానిని చెప్పగలిగినదో లేదో విచారించండి. విమర్శకు అదియే ధర్మం.