బోర్డు మీద 'ఇంటర్నేషనల్'... లోపల ఏముందో చూశారా?

కొత్త సంవత్సరం వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో ఏ రోడ్డు చూసినా స్కూలు అడ్మిషన్ల హోర్డింగులే! దేశదేశాల పిల్లలు చేతులు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ, దాని పక్కన 'ఇంటర్నేషనల్ స్కూల్', కింద 'అందుబాటు ఫీజులతో' అన్న మాట. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో తిరిగొచ్చిన వాళ్ళూ, ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చిన పరాయి దేశస్థులూ, 'మా వాడు కూడా అలాంటి బళ్ళో చదవాలి' అనుకునే మనలాంటి వాళ్ళూ అందరం ఆ బొమ్మ ముందు ఆగిపోతాం. ఆగడంలో తప్పులేదు. కానీ అరకిలో వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి చూసే మనం, లక్షలు పోసే చోట మాత్రం రిసెప్షన్లో ఏసీ చల్లదనానికే మురిసిపోయి సంతకం పెట్టేస్తాం!

మా చెల్లెలు చేసిన పనీ అదే. మస్కట్‌లో సీబీఎస్ఈ చదివిన పిల్లాణ్ణి 2023 జూన్‌లో ఇక్కడ ఎనిమిదో తరగతిలో చేర్చింది. 'కేంబ్రిడ్జి సిలబస్ మేడమ్, పెద్ద స్కూళ్ళలో సగం ఫీజుకే' అన్నారట. పుస్తకాలు నిజంగానే కేంబ్రిడ్జివి. ఏడాది గడిచి వాడు తొమ్మిదిలోకి వచ్చాక, పరీక్షల సంగతి అడిగితే మెల్లగా బయటపెట్టారు... ఆ బడికి కేంబ్రిడ్జి గుర్తింపు ఇంకా రాలేదట, పరీక్ష వేరే స్కూలు పేరుమీద రాయిస్తారట! ఆ రాత్రి చెల్లెలు నాకు ఫోన్ చేసి, "అక్కా, రెండేళ్ళు వెనక్కి వెళ్తాడేమోనే" అని ఏడ్చింది.

ముందు బోర్డు సంగతి తేల్చుకోండి

పేరులో 'ఇంటర్నేషనల్' ఉన్నంత మాత్రాన అది ఏ బోర్డు బడో తెలియదు. ఆ పేరు పెట్టుకుని లోపల సీబీఎస్ఈ నడిపే బళ్ళు బోలెడు. అదేమీ నేరం కాదు, మనకు తెలిసి చేరిస్తే చాలు. అసలు విదేశీ బోర్డులంటే మన దగ్గర ముఖ్యంగా రెండు. ఒకటి 1968లో జెనీవాలో పుట్టిన ఐబీ. రెండోది కేంబ్రిడ్జి. దాని పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈ 1988లో మొదలైంది. ఐబీలో 'క్యాండిడేట్ స్కూల్' అని ఒక మాట వాడతారు. వింటే గొప్పగానే ఉంటుంది గానీ, దాని అర్థం దరఖాస్తు పెట్టుకున్నారని మాత్రమే! అనుమతి వచ్చి తీరుతుందన్న హామీ అందులో లేదు. కాబట్టి 'గుర్తింపు వచ్చిందా, ఏ తరగతి దాకా?' అని అడిగి, ఆ ఉత్తరం కళ్ళతో చూడండి. బోర్డు వెబ్‌సైట్లో స్కూలు పేరు ఉందో లేదో మీ అమ్మాయినో అబ్బాయినో చూసిపెట్టమనండి. సీబీఎస్ఈ బడి అయితే ఇంకా సులువు. అఫిలియేషన్ నంబరు, ఫీజులు, టీచర్ల సంఖ్య, ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్, గత మూడేళ్ళ ఫలితాలు బడి తన వెబ్‌సైట్లో బయటపెట్టి తీరాలి. అవి కనిపించలేదా? అడగండి, మొహమాటం వద్దు.

ఇంటర్ స్థాయి తర్వాత ఏం చేయిస్తారో కూడా ఇప్పుడే మీ వారితో మాట్లాడుకోండి. ఐబీ మే నెల పరీక్షల ఫలితాలు జులై మొదట్లో వస్తాయి. కేంబ్రిడ్జి జూన్ పరీక్షలవి ఆగస్టులో గానీ రావు. ఈలోగా ఇక్కడ కౌన్సెలింగుల హడావిడి నడుస్తూనే ఉంటుంది. కేంబ్రిడ్జికి మన దేశంలో మార్చి పరీక్షలు కూడా ఉన్నాయి, ఎప్పుడు రాయిస్తారో అడగండి. డాక్టరు చదువు మీద ఆశ ఉంటే మరీ జాగ్రత్త! తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళూ తెలంగాణలోనే చదివితేనే ఆ రాష్ట్రపు మెడికల్ సీట్లకు స్థానికులుగా చూస్తామన్న నిబంధన 2024లో వచ్చింది. 2025లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి 'పదో క్లాసు అయ్యాక వద్దాంలే' అనుకుంటున్న తల్లులు ఇది గుర్తుంచుకోవాలి.

తక్కువ ఫీజు నిజంగా తక్కువేనా?

కాగితం, పెన్సిలు తీసుకోండి. మూడో తరగతిలో ఏడాదికి 1,20,000 రూపాయలన్నారనుకుందాం. ఏటా నూటికి పది చొప్పున పెంచితే పదో తరగతికి వచ్చేసరికి అది సుమారు 2,34,000 అవుతుంది. అంటే దాదాపు రెట్టింపు! దీనికి అడ్మిషన్ ఫీజు, బస్సు, రెండు రకాల యూనిఫాంలు, ల్యాప్‌టాప్, విహారయాత్రలు, కేంబ్రిడ్జి అయితే సబ్జెక్టుకింత అని పరీక్ష ఫీజు కలపండి. ఇద్దరు పిల్లలుంటే ఈ లెక్కంతా రెండుసార్లు. గత మూడేళ్ళలో ఎంతెంత పెంచారో పాత పిల్లల తల్లుల్నే అడగండి, వాళ్ళు పైసలతో సహా చెబుతారు.

అన్నిటికంటే నేను ముఖ్యమనుకునేది మరొకటుంది. చవగ్గా నడిపే బళ్ళో ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. ఈతకొలనులో పెడితే నాకు బెంగలేదు, మా తరం చెరువులోనే ఈత నేర్చుకుంది! టీచర్ల జీతాల్లో పెడితేనే చిక్కు. జీతం చాలని టీచరు దసరా సెలవులకు వెళ్ళి ఇక తిరిగి రాదు. 'ఈ క్లాసు టీచరు ఎన్నాళ్ళ నుంచి ఇక్కడున్నారు?' అని అడిగి, జవాబు చెప్పేవాళ్ళ మొహం చూడండి. కొత్త పద్ధతిలో పాఠం చెప్పడానికి టీచర్లకు శిక్షణ ఎవరిచ్చారో కూడా అడగండి. ప్రాజెక్టులంటూ ఇంటికి పంపి, అవన్నీ అమ్మలే అట్టలు కత్తిరించి చేయాల్సి వస్తుంటే అది పిల్లల చదువు కాదు, మన చదువు!

వీలైతే ఒక మామూలు రోజున బడి వదిలే వేళకు గేటు దగ్గర ఓ అరగంట నిలబడండి. ఆయాలు చిన్నపిల్లలతో మాట్లాడే తీరు, బస్సుల్లోకి ఎక్కించే పద్ధతి, కొరియా పాపా మన మల్కాజిగిరి బాబూ కలిసి ఆడుతున్నారా, విడివిడి గుంపులుగా ఉన్నారా... అన్నీ కళ్ళకు కడతాయి. మధ్యాహ్నం అక్కడే భోజనమైతే ఒకసారి మీరూ రుచి చూస్తామనండి. ఒప్పుకోకపోతే కారణం అడగండి.

తెలుగు సంగతి మర్చిపోయేను! తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బోర్డు ఏదైనా ఒకటి నుంచి పది దాకా తెలుగు నేర్పాలి. తెలుగు ఇంటిభాష కాని పిల్లల కోసం 'వెన్నెల' అనే తేలికపాటి వాచకం కూడా ఉంది. 'మా బళ్ళో ఫ్రెంచే' అంటే, తెలుగు పీరియడు వారానికెన్ని అని అడగండి.

ఇంతకీ మా చెల్లెలి కొడుకు... సీబీఎస్ఈలో తొమ్మిదిలోనే పేరు నమోదు కావాలి, నేరుగా పదిలో చేర్చుకోవడం అంత తేలిక కాదు. అందుకని ఆ జులైలోనే పరుగులు పెట్టి మరో బళ్ళో తొమ్మిదిలో వేశారు. రెండేళ్ళ భయం తప్పింది గానీ, పాత బళ్ళో కట్టిన టర్మ్ ఫీజు మాత్రం తిరిగి రాలేదు. కొత్త బళ్ళో ఏసీ లేదు, లెక్కల మాస్టారు మాత్రం పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నారు. ఇప్పుడు మస్కట్ నుంచి తెలిసినవాళ్ళెవరైనా ఫోన్ చేసి "ఇక్కడో స్కూలు చూశాం, భలే ఉంది" అంటే, మా చెల్లెలు ఇంకేమీ వినకుండా ముందు ఒకటే అంటుంది:

"అఫిలియేషన్ నంబరు చెప్పారా వదినా?"