గాజుకు పట్టిన నల్లపొర

మే నెల మధ్యాహ్నం ఉదయగిరిలో డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడినవాడికి ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఆత్మకూరు బస్టాండులో చేతిలోని సీసా నీళ్ళు చూస్తుండగానే కాగిపోయే కాలం అది. అందుకే పిల్లలు అడుగుతుంటారు: "తాతా, మనకాడ ఇంత ఎండ కాస్తాది గదా, సోలార్ పలకలు అందరికన్నా మనకే ఎక్కువ కరెంటు ఇయ్యాల గదా?"

ఇయ్యాల్సిందే నాయనా. అయితే వెలుతురు వేరు, వేడి వేరు. పలకకు వెలుతురంటే ప్రాణం, వేడి మాత్రం గిట్టదు. పలక వెనక రాసే వాట్ల లెక్క 25 డిగ్రీల దగ్గర కట్టింది. మన వేసవిలో పలక 65 డిగ్రీలకు కాగుతుంది. మామూలు సిలికాన్ పలక ఒక్కో డిగ్రీకి నూటికి సుమారు 0.35 వంతు పోగొట్టుకుంటుంది. నలభై డిగ్రీలకు లెక్కేయండి, నూటికి 14 పోయినట్టే.

కాడ్మియం టెల్యురైడ్ అనే ఇంకో పదార్థం ఉంది. దానికి ఈ నష్టం కాస్త తక్కువ, 12 దగ్గర ఆగుతుంది. అమ్మేవాళ్ళు దీన్ని గట్టిగానే చాటుకుంటారు గానీ, ఆ రెండు వంతుల తేడాకు డప్పు కొట్టేంత పని లేదని నా ఉద్దేశం. దాని అసలు గొప్పంతా పలచదనంలో ఉంది.

తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. సిలికాన్ బిళ్ళ అంతకు రెట్టింపు ఉంటుంది. కాడ్మియం టెల్యురైడ్ పొర మూడు మైక్రాన్లుంటే చాలు. ఎందుకంటే, సిలికాన్‌లో వెలుతురు తగిలినంత మాత్రాన ఎలక్ట్రాన్ లేవదు, పరమాణువుల కదలిక కూడా తోడు రావాలి. ఆ తోడు దొరికేలోపు వెలుతురు చాలా లోపలికి పోతుంది, కాబట్టి మందం కావాలి. ఈ రెండో పదార్థానికి ఆ తోడుతో పని లేదు, వెలుతురు పైపైనే ఇంకిపోతుంది.

అంత పలచటి పొరను ఎవరూ కోయలేరు, ఒత్తలేరు. గాజు మీద పట్టించాల్సిందే. పూజగదిలో కర్పూరం డబ్బా మూత తీస్తే లోపలివైపు తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది చూడండి. కర్పూరం కరగకుండానే ఆవిరై, మూతకు తగిలి మళ్ళీ గట్టిపడింది. ఇక్కడా అదే తంతు. గాలి తీసేసిన గదిలో కాడ్మియం టెల్యురైడ్ పొడిని బాగా వేడి చేస్తే ఆవిరవుతుంది. వేడిగా ఉన్న గాజు పలక దాని దారిలో సాగిపోతూ నల్లగా పొర పట్టించుకుంటుంది.

ఇది గాజు పని తెలిసినవాడి చేతిలో బాగుపడిందంటే ఆశ్చర్యమేముంది? అమెరికాలో టొలీడో అనే ఊళ్ళో హెరాల్డ్ మెక్‌మాస్టర్ అని ఉండేవాడు. కార్ల అద్దాలకు గట్టిదనం తెచ్చే యంత్రాలు చేసి బాగా సంపాదించాడు. ముందు ఇంకో రకం పలచటి సిలికాన్ మీద డబ్బు పెట్టాడు, అది కుదరలేదు. 1990లో సోలార్ సెల్స్ అనే చిన్న కంపెనీ పెట్టి కాడ్మియం టెల్యురైడ్ పట్టుకున్నాడు. 1999లో అది చేతులు మారి ఫస్ట్ సోలార్ అయింది. పలకలు వ్యాపారస్థాయిలో రావడం 2002లో మొదలైంది. పన్నెండేళ్ళు! ప్రయోగశాలలో గోరంత ముక్క మీద పొర బాగా రావడం ఒక ఎత్తు. తలుపంత గాజు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మందంగా రావడం, అది పాతికేళ్ళు ఎండకూ వానకూ తట్టుకోవడం ఇంకో ఎత్తు. చిన్న కంపెనీల ఆయుష్షు చాలావరకు ఈ రెండో పనిలోనే కరిగిపోతుంది. ఇప్పుడు అదే కంపెనీకి మన చెన్నై పక్కనే శ్రీపెరంబుదూరు దగ్గర ఏటా 3.3 గిగావాట్ల పలకలు చేసే ఫ్యాక్టరీ ఉంది. 2024 జనవరిలో తెరిచారు.

కాడ్మియం విషం గదా అంటారు. నిజమే. టెల్యూరియంతో కలిసి, రెండు అద్దాల మధ్య ఉన్నంతకాలం అది నీళ్ళలో తేలిగ్గా కరగదు. పగిలిన పలకను మాత్రం చెత్తకుప్పలో పారేయకూడదు, కంపెనీకి వెనక్కి పంపాల్సిందే. టెల్యూరియంతో వచ్చిన చిక్కు ఇంకోటి. అది రాగి శుద్ధిలో ఉపపదార్థంగా కొంచెం కొంచెం వస్తుంది, కావాలన్నంత దొరకదు.

అందుకే తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం వాళ్ళు తగరం మీద పడ్డారు. కె.టి. రామకృష్ణారెడ్డి గారి బృందం తగరం లవణాన్నీ గంధకం ఉన్న రసాయనాన్నీ నీళ్ళలా చేసి, వేడి గాజు మీద పిచికారీ కొట్టి టిన్ సల్ఫైడ్ పొర తెచ్చింది. ఆ పని 1998లో అచ్చయింది. తగరం, గంధకం రెండూ చవక, విషం భయం తక్కువ. 2006లో దాంతో వాళ్ళు చేసిన సోలార్ సెల్ నూటికి 1.3 వంతుల వెలుతురును కరెంటుగా మార్చింది. నవ్వకండి. 2014లో హార్వర్డ్‌లో ఎంతో ఖరీదైన పద్ధతిలో చేస్తే వచ్చింది కూడా 4.4 దగ్గరే. దీనికో కారణం ఉంది. వేడికి గంధకం లేచిపోతే ఒకటి, ఎక్కువైతే ఇంకొకటి చొప్పున కావాల్సిన పదార్థం పక్కనే అక్కరలేని చుట్టాలు తయారవుతాయి. అవి దారిలోనే కరెంటును మింగేస్తాయి.

"అయితే మా డాబా మీద ఏది ఎయ్యమంటావ్?" అని మొన్న ఒకాయన అడిగాడు. పలచపొర పలకలు ఎక్కువగా పెద్ద పెద్ద సోలార్ పొలాలకే పోతున్నాయి, ఇళ్ళకు దొరికేది సిలికానే. అదే వేయించుకో అన్నాను. శ్లాబుకు ఆనించకుండా కింద గాలాడేట్టు ఎత్తులో బిగించమను. దుమ్ము కడగడం తెల్లారుజామున పెట్టుకో, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కాగిన అద్దం మీద చన్నీళ్ళు పోయొద్దు.