క్రీడాకారిణి చేతిలో కవిత్వము

2017 జూన్ 24వ తేదీన, ఇంగ్లండులోని డెర్బీ పట్టణమున, మహిళల ప్రపంచ కప్పు తొలినాటి పోటీలో స్మృతి మంధాన, పూనమ్ రౌత్ తొలి వికెట్టునకు 144 పరుగులు జోడించుచుండగా, తరువాత క్రీజునకు పోవలసిన నాయకురాలు మిథాలీ రాజ్, కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని, సరిహద్దు చెంత కూర్చుండి, రూమీ కవిత్వమును ప్రశాంతముగా చదువుకొనుచుండెను. హైదరాబాదు జంటనగరములలో ఆట నేర్చి పెరిగిన ఆమె, పఠనము తన మనస్సును నెమ్మదిపరచునని తరువాత చెప్పినది. ఆనాటి 71 పరుగులు ఆమెకు వరుసగా ఏడవ అర్ధశతకము. మహిళల వన్డేలలో అంతకుముందెవ్వరును సాధింపని ఘనత. భారతము 35 పరుగులతో గెలిచినది.

పుస్తకమే పరుగులు తెచ్చినదని నేననను. అట్లనుట ఆమె దీర్ఘసాధనకు అన్యాయము. అయితే ఆటకు ముందు గడియలలో, శరీరము ఊరకున్నను మనస్సు ఊరకుండక, రాబోవు బంతిని, జరుగగల పొరపాటును, ప్రేక్షకుల కోలాహలమును పదేపదే ఊహించి అలసిపోవునని ఆడినవారెల్లరు నెరుగుదురు. చెదరిన చిత్తమును మరల మరల వాక్యము మీదికి తెచ్చుకొనుట పాఠకుని అభ్యాసము. ప్రతి బంతికిని బ్యాటరు చేయవలసినదియు నదియే. ఫోను తెర ఈ ఏకాగ్రతను చీల్చును. 2016 రియో ఒలింపిక్సుకు ముందు దాదాపు మూడు నెలలు పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధును ఫోనునకు దూరముగా నుంచెను. ఆమె రజతముతో తిరిగివచ్చెను.

తల్లిదండ్రులారా, శిక్షకులారా, పిల్లల కిట్ బ్యాగులో బూట్ల ప్రక్కన ఒక పుస్తకమునకు చోటీయుడు. అది వారికి నచ్చినదై యుండనిండు. చదివినదానిపై పరీక్ష పెట్టకుడు.