పచ్చని చెట్టు రేపు ఎక్కడ బ్రతుకును?

మామిడి, నేరేడు, చీనీ చెట్లు వేసవిలోను ఆకు నిలుపుకొనును. ఆకు ఉన్నంతకాలము నీటి ఖర్చు తప్పదు. సీతాఫలము, రేగు ఎండలకు ఆకు రాల్చి ఆ ఖర్చు తగ్గించుకొనును.

అనంతపురం ప్రాంతమున సాలుకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా తేమను ఇముడ్చుకొనగలదు. కావున వాన లేని రోజులలో నేలను, ఆకును మరింతగా ఎండబెట్టును.

ఏ చెట్టు ఇకమీదట ఎక్కడ నిలుచునో శాస్త్రజ్ఞులు అంచనా కట్టుచున్నారు. అది నేడు పెరుగు తావుల వర్షమును, ఉష్ణోగ్రతను లెక్కించి, రాబోవు కాలమున అట్టి వాతావరణము ఎచ్చట ఉండునో పటముపై గుర్తింతురు. ఆస్ట్రేలియాలో 1984లో వెలువడిన ‘బయోక్లిమ్’ అను కంప్యూటరు పద్ధతి ఇట్టివాటిలో మొదటిది.

అయితే ఒక మెలకువ అవసరము. మన చీనీ తోటలు బోరు నీటిపై బ్రతుకుచున్నవి. తోట ఉన్నది గనుక ఇచ్చటి వాన చీనీకి చాలునని లెక్కించినచో పటము తప్పును. బోరు ఎండిన కరవు ఏట తోట గతి మీరెరిగినదే. అట్లే వంక ఒడ్డున నేరేడు పచ్చగా నున్నదని గరుసు మిట్టపై నాటరాదు.

నాటుటకు ముందు ఈ మూడు సంగతులు చూడుడు:

1. నీరు పెట్టకుండ పెరిగిన అట్టి ముదురు చెట్టు మీ వంటి నేలలో దగ్గర గలదా?
2. మన్ను ఎంత లోతున్నది?
3. వరుసగా రెండేండ్లు కరవు వచ్చినచో నీరెక్కడిది?

జవాబు దొరకనిచో మిట్టపై సీతాఫలము, రేగు, వంక దరిని నేరేడు నాటుట మేలు. నేడు నాటిన చెట్టు మీ పిల్లల కాలపు ఎండలను గూడ ఓర్వవలెను.