నుమాయిష్... పేరులోనే ఉంది చరిత్ర!

కొత్త సంవత్సరం వచ్చిందంటే చాలు... నాంపల్లిలో గేట్లు తెరుచుకుంటాయి. కశ్మీరీ శాలువాలు, లక్నో కుర్తాలు, జెయింట్ వీలు, వేడివేడి మిర్చిబజ్జీలు... అన్నీ తెలిసినవే. తెలియనిదల్లా ఆ సంబరానికి మొదట పెట్టిన పేరు. అందులో ఓ పెద్ద ప్రశ్నే ఉంది. 'మన సరుకు' అంటే ఎవరిది?

గన్‌ఫౌండ్రీలో ఇప్పుడు ఫిరంగులు పోతపోసేవాళ్లు లేరు. రెండో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పెట్టించిన కార్ఖానా ఏనాడో మూతపడింది. అయినా బస్సు కండక్టర్ నుంచి పోస్ట్‌మ్యాన్ దాకా అందరూ ఆ పేరే పలుకుతారు. పనిపోయినా పేరు మిగలడం హైదరాబాద్‌కు అలవాటే! అక్కడి నుంచి అబిడ్స్ మీదుగా, మొజంజాహీ మార్కెట్ దాటి వెళితే అలాంటిదే మరొకటి కనిపిస్తుంది. బోర్డు మీద 'అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన'. జనం నోట మాత్రం నాంపల్లి ఎగ్జిబిషన్... లేదంటే నుమాయిష్!

రెండున్నర రూపాయలతో...

కథ 1938లో మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న కొందరు యువకులకు తమ సంస్థానం ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేయాలనిపించింది. దానికి డబ్బు కావాలి. ఇక్కడి చేతిపనులను, కార్ఖానాల సరుకును ఒకచోట పెట్టి చూపిస్తే ఖర్చులూ వస్తాయి, తయారుచేసేవాళ్లకు కొనేవాళ్లూ దొరుకుతారు అనుకున్నారు. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలేనని చెబుతారు. పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల పాటు జరిగిన ఆ ప్రదర్శనను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. స్టాళ్లు వందకు మించలేదు.

పేరు 'నుమాయిష్ మస్నువాత్-ఎ-ముల్కీ'. అంటే స్వదేశీ వస్తువుల ప్రదర్శన. ఇక్కడ 'ముల్క్' అంటే హైదరాబాద్ రాజ్యం. తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలూ అందులో భాగమే. కాబట్టి వరంగల్ తివాచీ, ఔరంగాబాద్ హిమ్రూ, బీదర్ బిద్రీ... అన్నీ అప్పట్లో ముల్కీ సరుకే!

లండన్‌లో మన బిద్రీ

ఈ వస్తువులకు ప్రదర్శనలు కొత్త కాదు. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు, ఇనుముతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టి, ప్రపంచ దేశాల వస్తువులన్నీ పేర్చారు. ఆరు నెలల్లో 60 లక్షల మంది టిక్కెట్టు కొని చూసిన సంబరం అది. నల్లని లోహం మీద వెండి తీగలు పొదిగిన బిద్రీ పాత్రలు, వరంగల్ తివాచీలు అక్కడా మెరిశాయి. కానీ వాటిని పెట్టింది ఈస్టిండియా కంపెనీ వాళ్లు. ఎక్కడ పెట్టాలో, ఏమని పరిచయం చేయాలో నిర్ణయించింది కూడా వాళ్లే. చేసినవాడి పేరు ఎవరికీ పట్టలేదు.

1938 నాటి యువకులు చేసిన పని విలువ ఇక్కడే తెలుస్తుంది. మన వస్తువును మన ఊళ్లో, మనం పెట్టుకున్న పేరుతో చూపించడం... అదీ వాళ్లు వేసిన అడుగు.

మారిన బోర్డు

ప్రధానమంత్రి మీర్జా ఇస్మాయిల్ చొరవతో 1946లో ప్రదర్శన ఇప్పటి మైదానానికి మారింది. తర్వాతి రెండేళ్లూ అల్లకల్లోలం. నుమాయిష్ జరగలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. 1949లో మళ్లీ గేట్లు తెరిచినప్పుడు గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి వచ్చారు. బోర్డు మీద 'ముల్కీ' పోయి 'ఆలిండియా' వచ్చి చేరింది. దేశం మారింది మరి!

1956లో సరిహద్దులు మళ్లీ మారాయి. బీదర్ కర్ణాటక వైపు, ఔరంగాబాద్ మహారాష్ట్ర వైపు వెళ్లిపోయాయి. ఒకనాటి ముల్కీ సరుకు మూడు రాష్ట్రాలకు పంచిపెట్టినట్టయింది. 'ముల్కీ' మాట మాత్రం పోలేదు. ఎగ్జిబిషన్ గేటు దాటి వీధుల్లోకొచ్చింది. 1952లో, 1969లో ఉద్యోగాల కోసం జరిగిన ఉద్యమాల్లో నినాదమైంది. మైదానంలోకి వెళ్లే దారుల్లో ఒకటి నేటికీ అజంతా గేటే. ఆ గుహలున్నదీ ఒకప్పటి నిజాం రాజ్యంలోనే!

లాభం... చదువుకు

'ఆలిండియా' అయ్యాక నుమాయిష్ చిన్నబోలేదు. కశ్మీర్ వ్యాపారులు తరాలుగా వస్తున్నారు. తాత దగ్గర శాలువా కొన్న ఇంటివాళ్లు మనవడి దగ్గర బేరమాడుతుంటారు! ఎగ్జిబిషన్ సొసైటీ వచ్చిన ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. మైదానంలోనే ఉన్న సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ అలాంటివే. సర్వే కోసం మొదలైన ప్రదర్శన ఆడపిల్లల చదువుకు ఆసరా అయింది.

కష్టాలూ తప్పలేదు. 2019 జనవరి 30 రాత్రి మంటలు చెలరేగి వందకు పైగా స్టాళ్లు బూడిదయ్యాయి. అప్పుచేసి సరుకు తెచ్చుకున్నవాళ్లు కళ్లముందే సర్వం పోగొట్టుకున్నారు. కొద్దిరోజులకే మళ్లీ దీపాలు వెలిగాయి. 2021లో కరోనా వల్ల అసలు జరగనే లేదు. 2022లో మొదలైన వెంటనే మూతపడి ఫిబ్రవరి చివర్లో తిరిగి తెరుచుకుంది. జనవరిలో నాంపల్లి చీకటిగా ఉంటే ఎలా ఉంటుందో నగరం అప్పుడే చూసింది.

అడగాల్సిన మాట

ఇప్పుడు ఏ వస్తువైనా ఏడాదంతా దుకాణాల్లో, ఫోన్‌లో దొరుకుతుంది. యంత్రం మీద అచ్చేసిన ఇక్కత్ డిజైను చేనేత పక్కనే వేలాడుతుంటుంది. ధర చూస్తే సగం! పోచంపల్లి మగ్గం, పెంబర్తి ఇత్తడి, నిర్మల్ బొమ్మ నిలవాలంటే ఒకరు అడగాలి. ఎనభై ఏళ్ల క్రితం ఆ యువకులు జనంతో అడిగించాలనుకున్నదీ అదే.

ఈసారి నుమాయిష్‌కు వెళితే పిల్లలు జెయింట్ వీల్ దిగాక ఒక్క స్టాలు ముందు ఆగండి. బేరానికి ముందు ఒక్క మాట అడగండి... 'ఇది ఎక్కడ చేశారు? ఎవరు చేశారు?'