స్టీరింగ్ తేలికైతే చుట్లు పెరుగుతాయి

విశాఖ రేవుకి వచ్చిన ఓడ ఎంత పెద్దదైనా, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ గుండా లోపలి హార్బర్‌కి చేరాలంటే రేవు పైలట్ సాయం ఉండాల్సిందే. ఆయన్ని సముద్రంలోకి తీసుకెళ్లి ఓడ ఎక్కించేది పైలట్ బోటు. ఇలాంటి బోట్లకు సాధారణంగా రెండు ఇంజన్లుంటాయి. ఒకదాన్ని ముందుకి, రెండోదాన్ని వెనక్కి నడిపితే బోటు ఉన్నచోటే తిరుగుతుంది. వేగం అందుకున్నాక మాత్రం ఆ కిటుకు పనికిరాదు, స్టీరింగే దిక్కు.

ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవల వాళ్లకి స్టీరింగ్ బరువు బాధ లేదు. వెనకున్న చిన్న మోటారు పిడి పట్టుకుని చేత్తోనే తిప్పేస్తారు. అదే వంద హార్స్‌పవర్ దాటిన మోటార్లు రెండు పక్కపక్కన బిగించి కేబుల్ స్టీరింగ్ పెడితే, నీటి ఒత్తిడంతా సరంగు భుజాల మీదే పడుతుంది.

హైడ్రాలిక్ స్టీరింగులో ఆ కేబుల్ బదులు నూనె ఉంటుంది. చక్రం వెనక చిన్న పంపు, ఇంజన్ల దగ్గర సిలిండరు, మధ్యలో రెండు గొట్టాలు. చక్రం తిప్పితే ఒక గొట్టంలో నూనె పోతుంది, రెండో దాంట్లో వెనక్కి వస్తుంది. సిలిండరు కడ్డీ ఒక ఇంజన్ని నెడితే, రెండింటినీ కలిపిన అడ్డకడ్డీ రెండోదాన్ని లాక్కుపోతుంది. పంపులోని వాల్వులు నూనెని ఎదురు రానివ్వవు కాబట్టి అల కొట్టినా చక్రం చేతిలో ఎగరదు.

మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. 1795లో బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నదీ దీని మీదే. అయితే ఈ సూత్రం బలాన్ని ఊరికే ఇవ్వదు. పంపు ఒక చుట్టుకి 28 ఘన సెంటీమీటర్ల నూనె నెడుతుంది, సిలిండరు నిండటానికి 140 కావాలనుకోండి. ఈ చివర నుంచి ఆ చివరకి ఐదు చుట్లు. ఇంజనుకొక సిలిండరు పెడితే నెట్టే బలం రెట్టింపు, చుట్లూ రెట్టింపే. ఎదురుగా నాటుపడవ అడ్డం వచ్చినప్పుడు పది చుట్లు తిప్పుతూ కూర్చుంటారా?

పవర్ స్టీరింగ్ అవసరం అక్కడే వస్తుంది. చుట్టుకి ఎక్కువ నూనె నెట్టే పంపు పెట్టి చుట్లు తగ్గిస్తారు. దాంతో పెరిగే బరువుని కరెంటు మోటారుతో నడిచే మరో పంపు మోస్తుంది. కరెంటు పోతే చక్రం బరువెక్కుతుంది కానీ పనిచేయడం మానదు. నా లెక్కలో ఈ ఏర్పాటులో అన్నిటికంటే తెలివైన సంగతి ఇదే.

బిగించేటప్పుడు అసలు శత్రువు గాలి. నూనె దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో బుడగ మిగిలితే, గాలి పట్టిన ఆటో బ్రేకులాగే చక్రం మెత్తగా తిరుగుతుంది తప్ప ఇంజను కదలదు. అందుకే సిలిండరుకి ఉండే గాలి తీసే స్క్రూకి పారదర్శకమైన గొట్టం తగిలించి, పైనుంచి నూనె పోస్తూ, ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు బుడగలు చూస్తారు. నూనె నికార్సుగా వచ్చాకే స్క్రూ బిగిస్తారు. తర్వాత రెండో వైపు. తొందరపడితే మర్నాడు మళ్లీ ఇదే పని.

సిలిండరు కడ్డీని తుడవడం మరవకూడదు. విశాఖ రేవు గాలిలో ఉప్పుతో పాటు బొగ్గు ధూళి కూడా ఉంటుంది, రెండూ కడ్డీ చుట్టూ ఉండే సీలుని కోస్తాయి. ఇంకొకటి: కేబుల్ బోటులో చక్రం మీద గుర్తు పెట్టుకుని నడిపిన సరంగులకి ఇక్కడ అది కుదరదు. నూనె లోపల కొద్దికొద్దిగా జారుతుంటుంది కాబట్టి చక్రానికి స్థిరమైన మధ్య అంటూ ఉండదు. ఇంజన్లు ఎటు తిరిగి ఉన్నాయో చూపే మీటరు ఎదురుగా ఉండాల్సిందే.