ఇంటర్‌సెప్టర్ 650కి పెర్ఫార్మెన్స్ క్యామ్: పవర్ ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది?

ఫోన్ కొనేముందు అందరం బెంచ్‌మార్క్ స్కోరు చూస్తాం. తీరా వాడేటప్పుడు మనకు కావాల్సింది వేరే. అరగంట గేమ్ ఆడాక కూడా ఫోన్ స్మూత్‌గా ఉందా, లేదా? బైక్‌లో క్యామ్‌షాఫ్ట్ మార్చడం కూడా ఇలాంటి లెక్కే. డైనో షీట్ మీద పెద్ద నంబర్ వస్తుంది. అది మీరు రోజూ నడిపే స్పీడ్‌లో దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 ఓనర్లు సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చేశాక "నెక్స్ట్ ఏంటి?" అనుకుంటే ముందుగా వినిపించే పేర్లలో క్యామ్ ఒకటి. అందుకే ఈ ఇంజిన్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

బయట పాత లుక్, లోపల కొత్త ఇంజిన్

చూడ్డానికి 1960ల నాటి బ్రిటిష్ ట్విన్‌లా ఉంటుంది. లోపల మాత్రం 648 సీసీ, రెండు సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌కి 4 వాల్వులు, ఫ్యూయల్ ఇంజెక్షన్. ఈ 8 వాల్వులనూ తెరిచేది పైన ఉన్న ఒకే ఒక్క క్యామ్‌షాఫ్ట్. 2018లో ఇండియాలో లాంచ్ చేసినప్పుడు కంపెనీ చెప్పిన లెక్క ఇది: 7,250 ఆర్‌పీఎం దగ్గర 47 బీహెచ్‌పీ పవర్, 5,250 దగ్గర 52 ఎన్‌ఎం టార్క్. అందులో 80 శాతం టార్క్ 2,500 దగ్గరే అందుతుంది. ఈ చివరి నంబర్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

క్యామ్ అసలు ఏం చేస్తుంది?

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తులు ఉంటాయి. వీటినే లోబ్స్ అంటారు. లోబ్ వచ్చి రాకర్‌ని నెట్టినప్పుడు వాల్వ్ తెరుచుకుంటుంది. 7,250 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకి 60 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

లోబ్ ఆకారం మారిస్తే మూడు విషయాలు మారతాయి. వాల్వ్ ఎంత ఎత్తు లేస్తుందో చెప్పేది లిఫ్ట్. ఎంతసేపు తెరిచి ఉంటుందో చెప్పేది డ్యురేషన్. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి, అది ఓవర్‌ల్యాప్. పెర్ఫార్మెన్స్ క్యామ్‌లో మామూలుగా ఈ మూడూ స్టాక్ కంటే ఎక్కువే ఉంటాయి.

ఎక్కువసేపు తెరిచి ఉంచితే లాభమేంటి? గాలికి కూడా బరువుంటుంది. హై ఆర్‌పీఎంలో అది ఎంత వేగంగా దూసుకొస్తుందంటే, పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి తిరిగినా లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే వాల్వ్ కాస్త లేటుగా మూస్తే సిలిండర్ ఇంకా బాగా నిండుతుంది. లో ఆర్‌పీఎంలో గాలికి ఆ ఊపు ఉండదు. వాల్వ్ ఇంకా తెరిచే ఉంటే, పైకి వస్తున్న పిస్టన్ కొంత మిశ్రమాన్ని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. అంటే పైన గెలిచింది కింద కొంత పోగొట్టుకోవాల్సిందే.

ఒక చిన్న లెక్క

పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేదే. స్టాక్ ఇంజిన్ 7,250 దగ్గర 47 బీహెచ్‌పీ ఇస్తోందంటే, అక్కడ టార్క్ 52 నుంచి దాదాపు 46 ఎన్‌ఎంకి పడిపోయిందన్నమాట. అంత స్పీడ్‌లో సిలిండర్ పూర్తిగా నిండటం లేదు. మంచి క్యామ్ వేసి 7,250 వరకూ ఆ 52 ఎన్‌ఎం పడిపోకుండా నిలబెట్టగలిగితే పవర్ దాదాపు 53 బీహెచ్‌పీ అవుతుంది. ఇది కాగితం మీద లెక్క, ఏ క్యామ్‌కీ ఇచ్చే గ్యారంటీ కాదు. కానీ విషయం అర్థమవుతుంది. క్యామ్ టార్క్‌ని పెద్దగా పుట్టించదు, ఉన్న టార్క్‌ని పై ఆర్‌పీఎంకి జరుపుతుంది.

ఇప్పుడు ఆ 2,500 ఆర్‌పీఎం సంగతి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ముల్లు తిరిగేది ఆ చుట్టుపక్కలే. హైవే మీద 100 కిలోమీటర్ల వేగంతో ఆరో గేర్‌లో వెళ్తున్నా ముల్లు 4,000 చుట్టుపక్కలే ఉంటుంది. 6,000 దాటేది గట్టిగా ఓవర్‌టేక్ చేసినప్పుడో, ట్రాక్ మీదో.

క్యామ్ ఒక్కటే మారిస్తే సరిపోదు

2018లో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో, ఎస్ అండ్ ఎస్ సైకిల్ కంపెనీ సాయంతో తయారైన కాంటినెంటల్ జీటీ 650 గంటకు 150 మైళ్లు దాటింది. అంటే 240 కిలోమీటర్ల పైమాటే. అది ఒక్క పార్ట్‌తో వచ్చిన వేగం కాదు, ఇంజిన్ మొత్తం మీద చేసిన పని. ఇంట్లో చిన్న స్థాయిలో చేయాలన్నా ఇవి తప్పవు:

• వాల్వ్ స్ప్రింగులు: లిఫ్ట్, ఆర్‌పీఎం పెరిగితే పాత స్ప్రింగ్ వాల్వ్‌ని టైంకి మూయలేకపోవచ్చు. క్యామ్ తయారీదారు ఏ స్ప్రింగ్ చెప్తే అదే వేయాలి.

• పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య ఖాళీ: పిస్టన్ మీద మెత్తటి క్లే పెట్టి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి, క్లే ఎంత నలిగిందో కొలుస్తారు. ఈ చెక్ చేయని మెకానిక్‌కి బైక్ ఇవ్వకండి.

• టైమింగ్: క్యామ్ చైన్ ఒకట్రెండు పళ్లు తప్పినా వాల్వ్ వెళ్లి పిస్టన్‌ని తాకవచ్చు. వాల్వ్ వంగితే హెడ్ మొత్తం విప్పాల్సిందే. స్టార్ట్ బటన్ నొక్కేముందు ఇంజిన్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి చూడండి.

• ఫ్యూయల్ మ్యాప్: లోపలికి వచ్చే గాలి మారింది కాబట్టి పెట్రోల్ లెక్క కూడా మారాలి. స్టాక్ ఈసీయూ అన్నిచోట్లా దీన్ని సర్దలేదు. రీమ్యాప్ గానీ, పవర్‌ట్రానిక్ లాంటి పిగ్గీబ్యాక్ గానీ పెట్టి, డైనో మీద ట్యూన్ చేయించాలి.

డైనో మీద మార్చకముందు ఒక రన్, మార్చాక అదే మెషిన్ మీద ఇంకో రన్ చేయించండి. చక్రం దగ్గర కొలిచిన నంబర్‌ని కంపెనీ చెప్పిన 47తో పోల్చకండి. కంపెనీది క్రాంక్ దగ్గరి లెక్క, చక్రం దగ్గర ఎప్పుడూ తక్కువే వస్తుంది. పీక్ నంబర్ ఒక్కటే చూడకుండా, 2,500 నుంచి 5,000 మధ్య గీత స్టాక్ కంటే ఎంత కిందికి దిగిందో కూడా చూడండి.

వారంటీ, చట్టం

క్యామ్ మారిస్తే ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. ఓవర్‌ల్యాప్ పెరిగితే కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి జారి పొల్యూషన్ రీడింగ్ పెరగొచ్చు. అనుమతి లేని మార్పులకు మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, 6 నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఇంజిన్ మారిస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది రావచ్చు.

మరి ఎవరికి పనికొస్తుంది?

ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లకి, వారంటీ అయిపోయిన బైక్‌ని హాబీగా బిల్డ్ చేసేవాళ్లకి క్యామ్ మంచి అప్‌గ్రేడే. పిస్టన్లు, బిగ్ బోర్ కిట్ కూడా ప్లాన్‌లో ఉంటే హెడ్ ఒకేసారి విప్పి అన్నీ కలిపి చేయించండి, లేబర్ మిగులుతుంది.

సిగ్నల్ దగ్గర ఊపు కావాలంటే మాత్రం దారి వేరే. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే ప్రతి గేర్‌లోనూ చక్రానికి ఆరేడు శాతం ఎక్కువ టార్క్ వెళ్తుంది. బదులుగా హైవే మీద ఇంజిన్ అంతే శాతం ఎక్కువ తిరుగుతుంది. ఇంజిన్ విప్పే పనే లేదు. నచ్చకపోతే పాతది మళ్లీ బిగించుకోవచ్చు.

ఆర్డర్ పెట్టేముందు ఒక వారం పాటు టాకోమీటర్ గమనించండి. ముల్లు 5,500 పైన ఎన్నిసార్లు, ఎంతసేపు ఉందో లెక్కేయండి. రోజుకి నిమిషం కూడా లేకపోతే ఆ డబ్బు మంచి టైర్లకీ, సస్పెన్షన్‌కీ పెట్టండి. ఆ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.